బొమ్మలతో మారుబేరం న్యాయమేనా?



ఒక వస్తువును దుకాణంలో దానిమీద వేసిన ధరకే కొంటాం. సీలు విప్పకుండా బీరువాలో దాస్తాం. కొన్నేళ్ళకు ఆ వస్తువు తయారీ ఆగిపోతుంది, బజారులో ఇక దొరకదు. అప్పుడు దాన్ని బయటకు తీసి రెండింతలకో మూడింతలకో అమ్ముతాం. ఇది తప్పా, ఒప్పా?

ఆ వస్తువు బియ్యమో, కిరోసినో, మందుబిళ్ళలో అయితే జవాబు చెప్పడానికి మనలో ఎవరూ తడుముకోరు. ధాన్యాన్ని దాచి, ధర పెరిగేదాకా గాదె తలుపు తీయనివాడు జనం శాపానికి గురి అవుతాడని సామెతల గ్రంథం ఏనాడో హెచ్చరించింది. కాని ఆ వస్తువు పిల్లలు ఆడుకునే బొమ్మ అయితే? బొమ్మ దొరకనందువల్ల ఎవరి ప్రాణమూ పోదు. కొనేవాడు ఇష్టపడి కొంటున్నాడు, అమ్మేవాడు ఇష్టపడి అమ్ముతున్నాడు. ఇందులో పాపానికి చోటెక్కడుంది?

ఈ ప్రశ్న మన విచారణలకు అంత దూరమైనదేమీ కాదు. మన కుటుంబాల బిడ్డలు అనేకమంది అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డారు. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు మేనల్లుళ్ళకు, మేనకోడళ్ళకు వారు తెచ్చే కానుకల్లో లెగో అనే ప్లాస్టిక్ ఇటుకల పెట్టె కూడా ఉంటుంది. ఆ దేశాలలో ఈ పెట్టెలను ఆటకోసం కాక, బంగారంలాగా దాచి అమ్ముకోవడానికే కొనేవారు ఉన్నారు. బ్యాంకులో వేసుకునేదానికంటే ఇదే నయమని చెప్పేవారూ ఉన్నారు. అక్కడి మన బిడ్డలకు కూడా ఈ ఆలోచన కలగడం సహజం. అందుచేత ఈ వారం దీన్ని కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

ఆడుకోమని పుట్టిన ఇటుక

డెన్మార్క్ దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊరు ఉంది. ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో, ఆర్థిక మాంద్యం వల్ల పనులు తగ్గిపోయిన రోజుల్లో, అక్కడ చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో తన పనికి 'లెగో' అని పేరు పెట్టుకున్నాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అనే అర్థమిచ్చే రెండు మాటలను కుదించగా వచ్చిన పేరది. ఒకదానిలో ఒకటి బిగిసే నేటి ప్లాస్టిక్ ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. ఆ ఏడాది చేసిన ఇటుక ఈనాటి ఇటుకతో కూడా చక్కగా బిగుస్తుంది. తాత ఆడుకున్న ఇటుకలతో మనుమడు ఇల్లు కట్టుకోగలడన్నమాట. వస్తువులు వాడి పారవేసే ఈ కాలంలో ఇది మెచ్చుకోదగిన సంగతి.

కంపెనీ ఈ ఇటుకలను ఒక ఇంటికో, ఓడకో, కోటకో సరిపడేటట్లు లెక్కకట్టి, కట్టే విధానం చూపే పుస్తకంతో సహా పెట్టెల్లో పెట్టి అమ్ముతుంది. ఒక రకం పెట్టెను చాలావరకు రెండు మూడేళ్ళకు మించి తయారు చేయదు. కొత్తవాటికి చోటు ఇవ్వడానికి పాతవాటిని ఆపేస్తుంది. ఆపిన రోజు నుంచి ఆ పెట్టెల సంఖ్య పెరగదు. పిల్లలు విప్పినకొద్దీ విప్పని పెట్టెలు తగ్గుతూ ఉంటాయి. కావాలనేవారు మాత్రం మిగిలే ఉంటారు. ధర పెరగడంలోని రహస్యమంతా ఇదే.

రెండు ఉదాహరణలు చూద్దాం. స్టార్ వార్స్ సినిమాలలో మిలీనియం ఫాల్కన్ అనే అంతరిక్ష నౌక కనిపిస్తుంది. 2007లో దాని నమూనాను 5,195 ముక్కలతో ఒక పెద్ద పెట్టెగా విడుదల చేశారు. ధర 500 డాలర్లు, అంటే ఆనాటి మారకం రేటు ప్రకారం సుమారు 20,000 రూపాయలు. 2008లో మన తాజ్ మహల్ నమూనా వచ్చింది. అందులో 5,922 ముక్కలు, ధర 300 డాలర్లు. ఈ రెండింటి తయారీ ఆగిపోయాక సీలు విప్పని పెట్టెలు వేల డాలర్లకు చేతులు మారాయి. కొని దాచినవారు తమ తెలివికి తామే మురిసిపోయారు.

మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు 1987 నుంచి 2015 వరకు వచ్చిన 2,322 పెట్టెల ధరలను పరిశీలించి, 2018లో తమ అధ్యయనాన్ని వెలువరించారు. తయారీ ఆగిన పెట్టెల ధర సగటున ఏడాదికి 11 శాతం చొప్పున పెరిగిందని వారు తేల్చారు. ఈ ఒక్క అంకెను పట్టుకుని చాలామంది ఉత్సాహపడ్డారు. కాని అదే అధ్యయనంలో విలువ సగానికి పడిపోయిన పెట్టెలు కూడా ఉన్నాయి. సగటు అనేది ఏటిలోతు వంటిది. సగటున నడుములోతే అన్న మాట నమ్మి దిగినవాడు సుడిగుండంలో మునిగిపోవచ్చు.

వర్తకం తనంత తాను పాపం కాదు

ఇప్పుడు ధర్మం సంగతికి వద్దాం. మనలో కొందరు మంచివారు, "చవకగా కొని ప్రియంగా అమ్మడం అసలే తప్పు" అని తేలికగా అనేస్తుంటారు. శ్రీసభ బోధ అది కాదు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు తమ 'సుమ్మా థియొలోజికా' గ్రంథంలో ఈ ప్రశ్నను నేరుగా చర్చించారు. లాభం అనేది తనంత తాను మంచీ కాదు, చెడూ కాదు అని ఆయన అభిప్రాయం. కుటుంబాన్ని పోషించుకోవడానికి, పేదలను ఆదుకోవడానికి, ప్రజలకు కావలసిన సరుకు అందించడానికి ఒకడు మితమైన లాభం ఆశిస్తే దానిలో దోషం లేదు. కొన్న ధరకంటే ఎక్కువకు అమ్మడానికి న్యాయమైన కారణాలు కూడా ఆయన చెప్పారు. వస్తువును బాగుచేసి ఉండవచ్చు. కాలం మారినందువల్లనో చోటు మారినందువల్లనో ధర మారి ఉండవచ్చు. ఒక చోటి నుంచి మరొక చోటికి చేరవేయడంలో నష్టభయం ఓర్చుకుని ఉండవచ్చు.

ఈ కొలతతో చూస్తే బొమ్మపెట్టెను దాచినవాడిని వెంటనే దోషి అనలేం. అతడు తన డబ్బును ఏళ్ళతరబడి అందులో ఇరికించాడు. చెమ్మ తగలకుండా, అట్ట నలగకుండా, ఎలుకలు కొట్టకుండా కాపాడాడు. ధర పడిపోయే ప్రమాదాన్ని భరించాడు. పదేళ్ళ తర్వాత, "చిన్నప్పుడు మా నాన్న కొనిపెట్టలేకపోయాడు, ఇప్పుడు సంపాదిస్తున్నాను, అది కావాలి" అని వెతికే ఒక పెద్దమనిషికి ఆ పెట్టె దొరికిందంటే, ఎవరో ఒకరు దాచబట్టే దొరికింది. దాచినవాడు అతడికి ఒక సేవ చేశాడు. సేవకు ప్రతిఫలం న్యాయమే.

16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సాలమంకా విశ్వవిద్యాలయంలో బోధించిన వేదాంతులు కూడా ఈ విషయమై లోతుగా ఆలోచించారు. మోసం, గుత్తాధిపత్యం లేనిచోట, కొనేవారూ అమ్మేవారూ సాధారణంగా ఒప్పుకునే ధరే న్యాయమైన ధర అని వారు చెప్పారు. ఆ రెండు షరతులనూ గట్టిగా జ్ఞాపకం పెట్టుకుందాం. ముందు ముందు వాటితో పని ఉంది.

దాచడం కూడా తనంత తాను తప్పు కాదు. ఐగుప్తులో యోసేపు ఏడేళ్ళు ధాన్యం కొట్లు నింపాడు. లూకా సువార్తలోని ధనవంతుడు కూడా కొట్లు నింపాడు, పాతవి పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్నాడు. ఇద్దరూ దాచినవారే. యోసేపు రాబోయే కరువులో జనం బ్రతకాలని దాచాడు. ధనవంతుడి మాటల్లో తన ప్రాణానికి తాను చెప్పుకునే ధైర్యం తప్ప మరొక మనిషి పేరు వినిపించదు. కొట్టును కాదు, కొట్టు ఎవరికోసమన్నదాన్ని దేవుడు చూస్తాడు.

తనది కానిదాన్ని ఎవరూ అమ్మరాదు

అయితే పునీత తోమాసుగారు అదే గ్రంథంలో మరొక మాట చెప్పారు. ఈ మొత్తం చర్చకు అదే గుండెకాయ అని నాకు తోస్తుంది. ఒక వస్తువు కొనేవాడికి ఎంతో అవసరం, అమ్మేవాడికి దాన్ని వదులుకోవడం వల్ల ప్రత్యేకమైన నష్టమేమీ లేదు అనుకుందాం. అప్పుడు, 'వీడికి అవసరం గదా' అని ధర పెంచకూడదు. ఎందుకని? ఆ అవసరం కొనేవాడిది. అమ్మేవాడు దాన్ని తయారు చేయలేదు, దానికి అతడు యజమాని కాదు. వస్తువు తనది కనుక దాన్ని అమ్ముకోవచ్చు. ఎదుటివాడి ఆత్రం తనది కాదు కనుక దానికి వెల కట్టరాదు.

ఈ సూత్రాన్ని చేతిలో పట్టుకుని ముగ్గురు అమ్మకందార్లను చూద్దాం. ముగ్గురూ ఊహించుకున్నవారే.

మొదటివాడు తన పిల్లవాడికి ఒక పెట్టె కొన్నాడు. ముచ్చటపడి తనకు మరొకటి కొన్నాడు. అప్పటికి దుకాణంలో అవి కావలసినన్ని ఉన్నాయి. అతడు కొన్నందువల్ల ఎవరూ ఖాళీ చేతులతో వెళ్ళలేదు. ఆరేడేళ్ళ తర్వాత బిడ్డ కాలేజీ ఫీజుకో, ఇంటి మరమ్మతుకో డబ్బు కావలసివచ్చి, అప్పటి ధరకు అమ్మాడు. కొన్నవాడు పెద్దవాడు, స్తోమత ఉన్నవాడు, ధర తెలిసినవాడు. ఇక్కడ కొరత అతడు తెచ్చింది కాదు, కాలం తెచ్చింది. అతడిని తప్పుపట్టడానికి నాకు ఏ ఆధారమూ కనిపించదు.

రెండవవాడు, ఫలానా పెట్టె తయారీ త్వరలో ఆగిపోతుందని విని, అదీ క్రిస్మస్ ముందు వారాలలో, దుకాణం తెరిచే వేళకు బండి వేసుకుని వెళ్ళాడు. అరలో ఉన్న పన్నెండు పెట్టెలూ తానే ఎత్తుకున్నాడు. ఒక మనిషికి ఇన్నే అని దుకాణంవారు నియమం పెడితే బంధువుల పేర్లు చెప్పి మళ్ళీ వరుసలో నిలబడ్డాడు. మధ్యాహ్నం ఆ అర దగ్గరకు ఒక తల్లి బిడ్డను చేయిపట్టుకుని వచ్చింది. నెలనెలా కొంత మిగిల్చి పోగుచేసిన డబ్బు ఆమె దగ్గర ఉంది. ధరకు సరిపడా ఉంది. అర ఖాళీగా ఉంది. సాయంత్రానికి అదే పెట్టె రెండింతల ధరకు ఆమెకు తిరిగి ఎదురవుతుంది. ఈ మనిషి ఆమెకు చేసిన సేవ ఏమిటి? దూరం నుంచి తెచ్చాడా? బాగుచేశాడా? ఏళ్ళతరబడి కాపాడాడా? ఏదీ లేదు. ఆమెకూ అరకూ మధ్య నిలబడ్డాడు, అంతే. కొరతను తానే పుట్టించి, ఆ కొరతకు ఖరీదు కట్టాడు. తల్లి మనసులోని ఆత్రాన్ని తనదిగా అమ్ముకున్నాడు.

ఇది మనకు కొత్త కాదు. పెద్ద హీరో సినిమా విడుదల రోజున బుకింగు కిటికీ దగ్గర టిక్కెట్లన్నీ ముందే కొని, గేటు బయట బ్లాకులో అమ్మేవాడిని మనం ఎరుగుదుం. సినిమా కూడా అత్యవసరం కాదు. అయినా అతడిని గౌరవనీయమైన వ్యాపారి అని మనమెవరమూ అనం. ఇతరులకు నష్టం కలిగేటట్లు ధరలను కృత్రిమంగా మార్చి లబ్ధి పొందజూడడం దొంగతనాన్ని నిషేధించే ఆజ్ఞకే విరుద్ధమని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతున్నది. ఆ మాట బియ్యానికి మాత్రమేనని అక్కడ మినహాయింపు ఏదీ లేదు.

ఇది ఊహ మాత్రమే అనుకోకండి. 1996 క్రిస్మస్‌కు అమెరికాలో ఎల్మో అనే బొమ్మ వచ్చింది. గిలిగింత పెడితే కిలకిల నవ్వుతుంది. దుకాణం ధర 30 డాలర్ల లోపే. దుకాణాలు ఖాళీ అయ్యాయి. ముందుగా చేజిక్కించుకున్నవారు దాన్ని వందల డాలర్లకు అమ్మారు. ఆ బొమ్మ తయారీ ఆగిపోలేదు. కొన్ని నెలలు ఓపిక పట్టినవారికి మామూలు ధరకే దొరికింది. మరి ఆ డిసెంబరులో వందల డాలర్లకు అమ్మినది ఏమిటి? బొమ్మను కాదు. పండుగనాటి ఉదయం బిడ్డ ముఖం చిన్నబోతుందేమోనన్న తల్లిదండ్రుల భయాన్ని అమ్మారు.

ఇక మూడవవాడు. ఇతడు అరలు ఖాళీ చేయలేదు. కాని ఇతడికి ఒక సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఇందాక చెప్పిన తాజ్ మహల్ పెట్టెను కంపెనీ 2017లో దాదాపు అదే రూపంలో, 5,923 ముక్కలతో, 370 డాలర్లకు మళ్ళీ విడుదల చేసింది. ఆ ఏడాదే మిలీనియం ఫాల్కన్‌ను కూడా మరింత పెద్దదిగా, 7,541 ముక్కలతో, 800 డాలర్లకు తెచ్చింది. పాత పెట్టెల ధరలు దిగిపోయాయి. ఇటువంటి ప్రకటన వెలువడిన రోజు ఉదయం దాన్ని చదివిన ఒకడు, ఇంకా చదవని మరొకడికి హడావుడిగా పాత ధరకే తన పెట్టె అంటగట్టాడనుకుందాం. అది న్యాయమా?

ఆశ్చర్యమేమిటంటే ఈ చిక్కు రెండు వేల ఏళ్ళనాటిది. రోమా తత్త్వవేత్త సిసెరో ఒక కథ చెప్పాడు. కరువులో ఉన్న రోడ్స్ ద్వీపానికి ఒక వర్తకుడు ధాన్యపు ఓడతో వస్తాడు. వెనుక మరికొన్ని ఓడలు వస్తున్నాయని అతడికి తెలుసు, ఊరివారికి తెలియదు. చెప్పాలా, ఊరుకోవాలా? చెప్పాల్సిందేనని సిసెరో తీర్పు. పునీత తోమాసుగారు మరింత జాగ్రత్తగా తూచి చెప్పారు. వస్తువులో లోపం దాస్తే అన్యాయమే. రాబోయే ధరను గురించి ఊరుకుంటే ఖచ్చితమైన న్యాయం ప్రకారం దోషం కాకపోవచ్చు. కాని చెప్పడంలో, లేదా ధర తగ్గించడంలో, ఎక్కువ పుణ్యం ఉన్నది. అంటే, నేరం కానిదంతా క్రైస్తవుడికి తగినది అయిపోదు. న్యాయస్థానం అడిగేదానికంటే మనస్సాక్షి ఒక మెట్టు పైన అడుగుతుంది.

పెట్టెను విప్పి, ముక్కలు తీసి, మళ్ళీ అతికించి కొత్తదని అమ్మేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. అది మోసం. దుకాణాల నుంచి దొంగిలించిన పెట్టెలను తెలిసీ కొనడం కూడా అటువంటిదే. 2024లో కాలిఫోర్నియాలో పోలీసులు దొంగిలించిన లెగో పెట్టెలను వేల సంఖ్యలో పట్టుకున్నారు. మారుబేరంలో మంచి ధర వస్తుందంటే దొంగలు కూడా ఆ దారినే వస్తారు. "ఇంత చవకగా నీకెక్కడిది?" అని అడగకుండా కొనేవాడు ఆ దొంగతనంలో చెయ్యి కలిపినట్లే.

విప్పని పెట్టె

ఇంతవరకు అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య న్యాయాన్ని చూశాం. మరొక ప్రశ్న మిగిలింది. అది ఇంటిలోపలి ప్రశ్న.

ఏ వస్తువుకైనా రెండు ఉపయోగాలు ఉంటాయని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పాడు. చెప్పును కాలికి తొడుక్కోవచ్చు, మరొక వస్తువుకు మారకం వేయవచ్చు. రెండూ చెప్పుతో చేసే పనులే. కాని చెప్పు పుట్టింది మారకానికి కాదు, కాలికి. ఈ మాటను బొమ్మకు అన్వయించి చూడండి. బియ్యం దాచినవాడు అమ్మాక ఎవరో ఒకరు వండుకుని తింటారు. బంగారం దాచినవాడి భార్య పెళ్ళికి అది పెట్టుకుని వెళుతుంది, తిరిగి వచ్చి పెట్టెలో పెడుతుంది, విలువ తగ్గదు. సీలు వేసిన బొమ్మపెట్టె అలా కాదు. ఒక్క పిల్లవాడు ఒక్క సాయంత్రం విప్పితే ఆ అదనపు విలువలో చాలాభాగం పోతుంది. ఏ బిడ్డా ముట్టుకోలేదన్నదే దాని ధర. 'బాగా ఆడుకో' అని పేరు పెట్టుకున్న వస్తువుకు, ఎవరూ ఆడుకోలేదన్న కారణం చేతనే వెల పెరగడం ఎంత తలకిందుల వ్యవహారమో ఆలోచించండి.

బీరువా పైన ఇరవై పెట్టెలున్న ఇంట్లో ఆరేళ్ళ బిడ్డ పెరుగుతున్నదనుకుందాం. "నాన్నా, అది విప్పుకుందామా?" అని అడుగుతుంది. "వద్దమ్మా, అది డబ్బు" అని తండ్రి అంటాడు. ఆ జవాబు అబద్ధం కాదు. కాని అటువంటి జవాబులు ఏళ్ళతరబడి విన్న బిడ్డ ఏమి నేర్చుకుంటుంది? వస్తువులు అనుభవించడానికి కాదు, పంచుకోవడానికి కాదు, ఎదురుచూసి అమ్మడానికే అని నేర్చుకుంటుంది. జ్ఞానోపదేశం తరగతిలో మనం ఆదివారం నేర్పేదాన్ని ఆ బీరువా వారం పొడుగునా చెరిపివేస్తూ ఉంటుంది.

మరొక ప్రమాదం కూడా ఉంది. కొరతను ఆశించి బ్రతికేవాడు తెలియకుండానే పొరుగువాడి నిరాశను కోరుకోవడం మొదలుపెడతాడు. కంపెనీ మళ్ళీ తయారు చేస్తే పిల్లలు సంతోషిస్తారు, అతడు దుఃఖిస్తాడు. అరలు నిండితే అతడికి దిగులు, ఖాళీ అయితే పండుగ. విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, అమ్మకాలు ఎప్పుడు మొదలుపెడదామా అని తొందరపడిన వర్తకులను ఆమోసు ప్రవక్త గద్దించాడు. వారి త్రాసు చెడకముందే వారి మనసు చెడింది. పొరుగువాడి మేలు మనకు నష్టంగా తోచిన రోజున, చట్టం మనల్ని ఏమీ అనకపోయినా, మనం ఒకసారి ఆగి వెనక్కు చూసుకోవాలి.

ఇక ఆశపోతుతనానికి లోకమే పాఠం చెబుతుంది. 1993లో అమెరికాలో బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డబొమ్మలు వచ్చాయి. తయారుచేసే కంపెనీ అప్పుడప్పుడు కొన్ని రకాలను ఆపివేస్తూ ఉండేది. ఆపిన బొమ్మల ధర పెరిగేది. కుటుంబాలు కుటుంబాలే వాటిని అటకలమీద నింపుకున్నాయి. పిల్లల చదువుల కోసం పెట్టుబడి అని నమ్మినవారు కూడా ఉన్నారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట, న్యాయస్థానం నేలమీద కూర్చుని ఆ బొమ్మలను ఒక్కొక్కటిగా పంచుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే ధరలు కుప్పకూలాయి. అందరూ దాచినది ఎవరికీ అరుదు కాదన్న చిన్న సంగతిని అంతమంది మరిచిపోయారు. చిట్టీల పేరుతో, ప్లాట్ల పేరుతో ఇటువంటి ఆశలకు లోనై నష్టపోయిన కుటుంబాలు మన విచారణల్లో కూడా ఉన్నాయి. వారిని చూసి నవ్వవలసిన పని లేదు. నేర్చుకోవలసింది ఉంది.

రెండు అభ్యంతరాలు

"కంపెనీయే కావాలని తయారీ ఆపి కొరత పుట్టిస్తున్నది. తప్పు దానిదే గదా" అని కొందరంటారు. కంపెనీ ఆపినది ఆ పెట్టెను మాత్రమే, ఇటుకలను కాదు. అవే ఇటుకలు చాలావరకు ఇతర పెట్టెల్లో దొరుకుతాయి. పాత పెట్టెల కట్టే విధానం చూపే పుస్తకాలను కూడా కంపెనీ ఉచితంగా అందజేస్తున్నది. ఆడుకోవాలనే పిల్లవాడికి దారి మూసుకుపోలేదు. పైగా ఒకరి తప్పు మరొకరి తప్పుకు అనుమతిపత్రం కాదు.

"బొమ్మలు కొనేది డబ్బున్నవారు. వారి దగ్గర తీసుకుంటే ఏమి?" అని మరికొందరంటారు. ఇందులో కొంత నిజం ఉంది. వందల డాలర్ల పెట్టెను సేకరించే పెద్దవారి కోరిక, ఆకలిగొన్నవాడి అవసరంతో సమానం కాదు. అందుకే మొదటి అమ్మకందారుణ్ణి మనం తప్పుపట్టలేదు. కాని చిన్న పెట్టెలు కొనేది మామూలు కుటుంబాలు. 20 డాలర్ల పెట్టెను 50 డాలర్లు చేస్తే ఆ తేడా వారికి తెలుస్తుంది. న్యాయం ఎదుటివాడి జేబు చూసి మారదు. అయితే కనికరం మాత్రం జేబు చూడవలసిందే.

ఆత్మపరిశోధన

పాపసంకీర్తనానికి ముందు మనం ఆత్మపరిశోధన చేసుకుంటాం గదా. ఈ వ్యాపారంలో ఉన్నవారు, దిగాలనుకునేవారు, విదేశాల్లో ఉన్న తమ బిడ్డలకు సలహా చెప్పవలసిన తల్లిదండ్రులు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలునని నా ఉద్దేశం.

నేను కొన్నందువల్ల, నా వెనుక వచ్చినవారు ఖాళీ చేతులతో వెళ్ళారా? వెళ్ళి ఉంటే, ఆ కొరత నా చేతి పని. దానిమీద లాభం నాది కాదు.

నేను అమ్మేటప్పుడు, నాకు తెలిసినది కొనేవాడికి కూడా తెలిస్తే అతడు ఈ ధరకు కొంటాడా? కొనడనుకుంటే, చెప్పి అమ్మాలి.

ఇది నష్టపోతే నా ఇంటివారి అన్నం, చదువు, వైద్యం దెబ్బతింటాయా? తింటాయనుకుంటే, నేను ఆడుతున్నది వారి భద్రతతో.

నా బిడ్డ అడిగితే ఈ పెట్టెల్లో ఒక్కదాన్నయినా విప్పగలనా? విప్పలేననుకుంటే, పెట్టె నా దగ్గర ఉందా, నేనే పెట్టెలో ఉన్నానా అని చూసుకోవాలి.

ఈ నాలుగింటికీ తడబడకుండా జవాబు చెప్పగలిగినవాడు తన పెట్టెను న్యాయమైన ధరకు అమ్ముకోవచ్చు. ఆ డబ్బుతో ఇంటి అవసరం తీర్చుకోవచ్చు. అందులో కొంత, బొమ్మ అంటే ఏమిటో ఎరుగని బిడ్డల కోసం తీసి ఉంచితే మరీ మంచిది. ఆడుకుని వదిలేసిన ఇటుకలను కూడబెట్టి, శుభ్రపరచి, ఇతర పిల్లలకు పంచే పథకాన్ని ఆ కంపెనీయే 2019లో అమెరికాలో ప్రారంభించింది. పాత ఇటుక ఎన్నేళ్ళకైనా కొత్త ఇటుకతో బిగుస్తుంది గనుక అది సాధ్యమైంది. మన ఇళ్ళలో మూలబడిన బొమ్మలకు, పుస్తకాలకు, సైకిళ్ళకు కూడా అటువంటి రెండవ ఇల్లు దొరకవచ్చు. మన విచారణలోని అనాథ బాలల వసతిగృహమో, వీధి చివరి అంగన్‌వాడీయో అంత దూరంలో ఏమీ లేదు.